బ్యాంకు వాల్యుయేషన్ అయిపోయింది, ఇక లెవెల్ 2 సర్వే ఎందుకు?

ప్రశ్న: లాయర్ గారూ, నమస్కారం. మేం ఇంగ్లాండులోని రెడింగ్‌లో ఉంటున్నాం. 1930లలో కట్టిన సెమీ డిటాచ్డ్ (పక్కింటితో ఒక గోడ కలిసిన) ఇల్లు ఒకటి నచ్చి ఆఫర్ పెట్టాం, ఒప్పుకున్నారు. వెనక వైపు వంటింటికి ఎక్స్‌టెన్షన్ ఉంది. వంటింట్లో చిమ్నీ బ్రెస్ట్ (గోడ నుంచి ముందుకొచ్చే పొగగొట్టం ఇటుకల కట్టుబడి) తీసేసి గోడ చదును చేశారు, కప్పు మీద చిమ్నీ మాత్రం అలాగే ఉంది. బ్యాంకు వాల్యుయేషన్ అయింది కాబట్టి వేరే సర్వే దండగ అంటున్నాడు ఏజెంట్. మా బావగారు అన్నిటికన్నా లోతైన లెవెల్ 3 సర్వే చేయించమంటున్నారు. మేం మధ్యస్థంగా లెవెల్ 2 చాలనుకుంటున్నాం. సరిపోతుందా? తర్వాత లోపాలు బయటపడితే అమ్మినవాళ్లని అడగొచ్చా? (ఒక సోదరి, రెడింగ్)

జవాబు: అమ్మా, సర్వే అనగానే మనకు మండల సర్వేయర్ గొలుసు పట్టి హద్దులు కొలవడం గుర్తొస్తుంది. మీరు చేయించబోయేది అది కాదు. కప్పు, గోడలు, చెమ్మ, కిటికీలు ఎలా ఉన్నాయో చూసి చెప్పే పరీక్ష ఇది. టైటిల్, కౌన్సిల్ కాగితాలు మీ సొలిసిటర్ (కొనుగోలు కాగితాలు చూసే లాయర్) చూసుకుంటారు. కానీ సొలిసిటర్ మామూలుగా ఆ ఇంటి గడప తొక్కరు. మీ తరఫున ఇంట్లోకి వెళ్లి చూసేది సర్వేయర్ ఒక్కరే.

మీ చివరి ప్రశ్నకు ముందు జవాబు చెప్తాను, మిగతావన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. మన దేశంలో 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 55 ప్రకారం, కొనేవాళ్లు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపం తనకు తెలిసుంటే అమ్మేవాడే చెప్పాలి. ఇంగ్లాండు, వేల్స్‌లో అలాంటి సాధారణ బాధ్యత లేదు. ఇంటి కట్టడంలో లోపాలు కొనేవాళ్లే చూసుకోవాలి. ఇంటి వివరాలు నింపి ఇచ్చే టీఏ6 ఫారంలో అమ్మేవాళ్లు అబద్ధం రాస్తే 1967 నాటి మిస్‌రిప్రజెంటేషన్ చట్టం కింద దావా వేయొచ్చు. కానీ చిమ్నీ వాళ్లకన్నా ముందున్నవాళ్లు తీయించి ఉంటే, ‘మాకు తెలియదు’ అని నిజాయితీగానే రాస్తారు. అక్కడితో మీ దారి దాదాపు మూసుకుపోతుంది.

ఏజెంట్ మాట పక్కన పెట్టండి. ఆయన పనిచేసేది అమ్మేవాళ్ల కోసం. బ్యాంకు వాల్యుయేషన్ అప్పుకు ఆ ఇల్లు తగిన హామీ అవునా కాదా అన్నంత వరకే చూస్తుంది. ఇప్పుడు చాలా వాల్యుయేషన్లు మనిషి ఇంటికి వెళ్లకుండానే కంప్యూటర్ లెక్కలతో ముగుస్తున్నాయి.

మీ చిమ్నీ సంగతి చదవగానే నాకు స్మిత్ వర్సెస్ ఎరిక్ బుష్ కేసు గుర్తొచ్చింది. నార్విచ్‌లో ఒకావిడ అప్పిచ్చే సంస్థ చేయించిన వాల్యుయేషన్‌ను నమ్మి చిన్న ఇల్లు కొన్నారు. కింద చిమ్నీ బ్రెస్ట్‌లు తీసేసినా పైన మిగిలిన ఇటుకల కట్టుబడికి ఆసరా పెట్టలేదు. వాల్యుయర్ అది గమనించలేదు. ఏడాదిన్నర తర్వాత ఆ ఇటుకలు పడకగది పైకప్పును చీల్చుకుని కింద పడ్డాయి. 1989లో అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ ఆవిడ పక్షాన తీర్పిచ్చింది. అలాంటి సాధారణ ఇళ్ల విషయంలో వాల్యుయర్‌కు కొనేవాళ్ల పట్ల కూడా బాధ్యత ఉందని చెప్పింది. అయినా ఆ తీర్పును నమ్ముకుని సర్వే మానేయకండి. ఆవిడ గెలిచింది ఇంట్లో ఇటుకలు పడ్డాక, పై కోర్టు దాకా పోరాడాక.

ఇక లెవెళ్ల సంగతి. ఆర్‌ఐసీఎస్ అనే సర్వేయర్ల సంస్థ 2021 మార్చి నుంచి ఇళ్ల సర్వేలను మూడు స్థాయిలుగా అమలు చేస్తోంది. ఒకప్పటి హోమ్‌బయ్యర్ రిపోర్టు స్థానంలో ఉన్నదే లెవెల్ 2. ప్రతి భాగానికీ 1, 2, 3 అంకెలు వేస్తారు, 3 అంటే వెంటనే బాగుచేయాలి లేదా లోతుగా పరీక్షించాలి. చూడలేకపోయిన చోట ఎన్ఐ అని రాస్తారు. నా అనుభవంలో జనం 3ని చూసి హడలిపోతారు, ఎన్ఐని చూడకుండా దాటేస్తారు. నాకు రెండోదే ఎక్కువ భయం. లెవెల్ 2లో కార్పెట్ ఎత్తరు, బరువైన సామాను జరపరు, కరెంటు, గ్యాస్ పరీక్షించరు. అటక మూత తెరవడానికి వీలుంటే లోపలికి చూస్తారు. అది సామానుతో మూసుకుపోయి ఉంటే మీ చిమ్నీ దగ్గర కూడా ఎన్ఐ అనే రాసి వెళ్లిపోతారు.

మామూలు ఇటుకతో కట్టి, పెద్ద మార్పులు లేకుండా, బాగానే ఉన్న ఇంటికి లెవెల్ 2 సరిపోతుంది. బాగా పాతవి, విపరీతంగా మార్చినవి, మామూలు పద్ధతిలో కట్టనివి అయితే లెవెల్ 3 కావాలి. మీది సరిహద్దులో ఉంది. ఆ ఎక్స్‌టెన్షన్ ఒక్కటే అయితే లెవెల్ 2 చాలనేవాణ్ణి. చిమ్నీ వల్ల ఒక షరతు పెడుతున్నాను. బుక్ చేసే ముందే సర్వేయర్‌తో మాట్లాడండి. ఏజెంట్ చూపించినవారు కాకుండా మీరు వెతుక్కున్నవారైతే మంచిది. ఎక్స్‌టెన్షన్, చిమ్నీ రెండూ చెప్పి, ‘ఈ రెంటి మీదా లెవెల్ 2లో స్పష్టంగా రాయగలరా?’ అని ఈమెయిల్‌లో అడగండి. రాయలేనంటే, లేదా ఆయనే లెవెల్ 3 అంటే, మీ బావగారి మాటే వినండి. అటక ఖాళీ చేయించమని అమ్మేవాళ్లకు ముందే కబురు పెట్టండి.

సర్వేయర్ తప్పు చేస్తే కేసు వేయొచ్చులే అనుకునేవాళ్లూ ఉన్నారు. వాట్స్ వర్సెస్ మారో కేసు చూడండి. 1,77,500 పౌండ్లకు ఇల్లు కొన్న దంపతులు, సర్వేలో రాని లోపాల మరమ్మతులకు దాదాపు 34,000 పౌండ్లు ఖర్చుపెట్టారు. 1991లో కోర్ట్ ఆఫ్ అప్పీల్ ఆ ఖర్చు ఇవ్వలేదు. లోపాలతో ఆ ఇంటి విలువ ఎంత తగ్గిందో అంతే, 15,000 పౌండ్లు, దానితో పాటు పడ్డ అవస్థకు ఒక్కొక్కరికి 750 ఇప్పించింది. నష్టపరిహారాన్ని ఇప్పటికీ మామూలుగా ఇలాగే లెక్కగడతారు. అందుకే సర్వే అసలు విలువ కొనకముందే ఉంటుంది.

ఆ ‘కొనకముందు’ ఎప్పటిదాకా అన్నది మనవాళ్లు పొరబడే చోటు. మన దగ్గర అడ్వాన్స్ ఇచ్చి అగ్రిమెంట్ రాసుకుంటే మాట బిగుస్తుంది. ఇక్కడ మీ ఆఫర్ ఒప్పుకున్నా ఎవరూ కట్టుబడినట్టు కాదు. ఇద్దరూ సంతకం చేసిన కాంట్రాక్టులు మార్చుకునేదాకా, అంటే ఎక్స్‌ఛేంజ్ అయ్యేదాకా, మీరు ధర తగ్గించమని అడగొచ్చు, వెనక్కి తగ్గొచ్చు. అప్పటిదాకా పెట్టిన సర్వే, సొలిసిటర్ ఖర్చులు మాత్రం తిరిగి రావు. ఎక్స్‌ఛేంజ్ అయ్యాక వెనక్కి తగ్గితే మామూలుగా ఇంటి ధరలో 10 శాతం డిపాజిట్ పోతుంది.

రిపోర్టు రాగానే మొత్తం మీ సొలిసిటర్‌కు పంపండి. అందులో లాయర్ చూడాల్సిన అంశాలని ఒక భాగం ఉంటుంది. దాన్ని పట్టుకుని ఆయన ఎక్స్‌టెన్షన్‌కూ చిమ్నీ పనికీ కౌన్సిల్ బిల్డింగ్ కంట్రోల్ ఇచ్చిన కంప్లీషన్ సర్టిఫికెట్లు అడుగుతారు. ఆ చిమ్నీ పక్కింటితో ఉమ్మడి గోడలో ఉంటే 1996 నాటి పార్టీ వాల్ చట్టం కాగితాలు కూడా కావాలి. సర్టిఫికెట్ లేదంటే అవతలివాళ్లు ఇండెమ్నిటీ పాలసీ అనే బీమా కొనిస్తామంటారు. కౌన్సిల్ చర్య తీసుకుంటే వచ్చే నష్టానికే అది పనికొస్తుంది. ఆసరా లేని ఇటుకలకు అది ఆసరా పెట్టదు. అలాంటప్పుడు స్ట్రక్చరల్ ఇంజనీర్‌ను పంపి అటకలో ఆ ఒక్కటీ చూపించండి. ఆయన రాతపూర్వకంగా బాగుందని చెప్పేదాకా, ఏజెంట్ రోజుకు నాలుగుసార్లు ఫోన్ చేసినా సరే, ఎక్స్‌ఛేంజ్‌కు ఒప్పుకోవద్దని మీ సొలిసిటర్‌కు ఈమెయిల్ పెట్టండి.