క్విజ్ లీగ్‌కి ప్రశ్నలు రాయబోతున్న మా అమ్మాయికి

గుంటూరు, బ్రాడీపేట

చి. అమ్మడికి పెద్దమ్మ ఆశీస్సులు.

నీ మెసేజ్ చూశాను. బందరు రోడ్డులో కాఫీ షాపువాళ్లు ఆదివారం సాయంత్రాలు క్విజ్ లీగ్‌కి చోటిచ్చారనీ, ఎనిమిది టీములు పేర్లిచ్చాయనీ, ప్రశ్నలు రాసే పని నీ మీద పడిందనీ తెలిసి చాలా సంతోషమైంది. బళ్లో పాఠాలు చెప్పినన్నాళ్లూ పిల్లల క్విజ్‌లకీ, తర్వాత కాలేజీ పోటీలకీ ప్రశ్నలు రాసినదాన్ని. నాకు తెలిసింది నీకు చెప్పాలని ఉంది. ఫోన్లో చెబితే గాలికి పోతుంది, ఉత్తరమైతే ప్రశ్నలు రాసేటప్పుడు పక్కన పెట్టుకోవచ్చు.

అన్నిటికంటే ముందు చెప్పాల్సింది ఇది. జవాబు తెలియనివాళ్లకి కూడా ఆలోచించుకోవడానికి ఏదో ఒక ఆధారం దొరకాలి, అప్పుడే అది మంచి ప్రశ్న. నీ టీముల్లో గ్రూప్స్‌కి ప్రిపేరయ్యే పిల్లలు తప్పకుండా ఉంటారు, విజయవాడలో వాళ్లు లేని వీధి లేదు కదా. 'ఆంధ్ర రాష్ట్రం ఎప్పుడు ఏర్పడింది?' అని అడిగావనుకో, 1953 అక్టోబరు 1 అని వాళ్లు టకీమని రాసేస్తారు. పక్క టేబుల్లో బ్యాంకు ఉద్యోగులూ, రిటైరైనవాళ్లూ చేతులు కట్టుకుని కూర్చుంటారు. తేదీ గుర్తుంటే ఉంటుంది, లేకపోతే లేదు. ఎంత ఆలోచించినా రాదు.

అదే విషయాన్ని ఇలా అడిగి చూడు: '1937లో మద్రాసులో కుదిరిన శ్రీబాగ్ ఒడంబడిక ప్రకారం రాజధాని, హైకోర్టు రెండూ ఒకే ప్రాంతానికి పోకూడదు. ఒకటి సీమకి, ఒకటి కోస్తాకి. 1953లో రాజధాని కర్నూలుకి వెళ్లింది. మరి హైకోర్టు కోస్తాలో ఏ ఊరికి వచ్చింది?' ఇప్పుడు ప్రతి టేబుల్లోనూ మాటలు మొదలవుతాయి. ఒకరు విజయవాడ అంటారు, ఒకరు రాజమండ్రి అంటారు, ఇంకొకరు వైజాగ్ అంటారు. ఎవరో ఒకరికి వాళ్ల తాతగారు చెప్పింది గుర్తొస్తుంది. జవాబు మన గుంటూరు. 1954 నుంచి, 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడి హైదరాబాదుకి మారేదాకా హైకోర్టు ఇక్కడే ఉంది. జవాబు తప్పు రాసినవాళ్లు కూడా 'అరే, తట్టాల్సింది' అనుకుంటారు. ఆ మాట వినపడిందంటే నీ ప్రశ్న కుదిరినట్టే.

ఇదే విషయంలోంచి ఇంకో ప్రశ్న కూడా లాగొచ్చు. మైలాపూరులో ఒక పార్కు, శ్రీబాగ్ ఒడంబడిక, ఆంధ్రపత్రిక, అమృతాంజనం. ఈ నాలుగింటినీ కలిపే మనిషి ఎవరు? కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు. శ్రీబాగ్ అన్నది మద్రాసులో ఆయన ఇంటి పేరే. ఇలాంటి కనెక్ట్ ప్రశ్నలో అసలు పనంతా ఆధారాలు పేర్చే వరసలో ఉంది. అమృతాంజనం ముందు చెప్పేస్తే సగంమంది అక్కడే పట్టేస్తారు, మిగతా మూడూ దండగ. అందుకే కష్టమైనది ముందు, అందరికీ తెలిసినది ఆఖర్న. మొదటి ఆధారానికే రాసిస్తే నాలుగు పాయింట్లు, రెండోదానికి మూడు, అలా తగ్గిస్తూ రా. రౌండుకి ఇలాంటిది ఒక్కటి చాలు.

ఇక రెండో సంగతి, ఒకే జవాబు ఉండాలి. గొడవలన్నీ ఇక్కడే పుడతాయి, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

'జాతీయ జెండా రూపకర్త ఎవరు?' అన్న ప్రశ్న మన వైపు అడగని బడి లేదు. కానీ ఎవరో ఒక చదువరి లేచి, 1921 జెండా వేరు, ఇప్పటి జెండా వేరు అంటాడు. నిజమే, 1947 జూలై 22న రాజ్యాంగ సభ ఆమోదించిన జెండాలో చరఖా లేదు, అశోక చక్రం ఉంది. నువ్వు వాదనలో పడతావు, సాయంత్రం పాడవుతుంది. అందుకని ఇలా రాయి: '1921లో బెజవాడలో కాంగ్రెస్ సమావేశాలు జరిగినప్పుడు గాంధీజీకి జెండా నమూనా అందించింది ఎవరు?' పింగళి వెంకయ్య గారి పేరు తప్ప ఇంకో జవాబు లేదు. ఆయన గౌరవం రవ్వంత తగ్గలేదు, పైగా అది జరిగింది మన ఊళ్లోనే అన్న సంగతి కూడా జనానికి చెప్పినట్టయింది.

తెలుగులో మొదటి టాకీ 'భక్త ప్రహ్లాద' విడుదల తేదీ కూడా అలాంటిదే. చాలాకాలం పుస్తకాలన్నీ 1931 సెప్టెంబరు 15 అని రాశాయి. తర్వాత పరిశోధనలో తేలింది 1932 ఫిబ్రవరి 6 అని. పాత పుస్తకం చదివినవాళ్లు ఒకటి రాస్తారు, కొత్తది చదివినవాళ్లు ఇంకొకటి. ఆ తేదీ జోలికే పోకు, దర్శకుడెవరని అడుగు. హెచ్.ఎం. రెడ్డి గారు. ప్రపంచంలో అతి పొడవైన నది ఏదన్న ప్రశ్న వదిలెయ్. నైలా, అమెజానా అన్నది కొలిచే పద్ధతిని బట్టి మారుతోంది. మన జాతీయ క్రీడ ఏదని అసలు అడగొద్దు. హాకీ అని అందరూ రాస్తారు గానీ ప్రభుత్వం ఏ ఆటనీ అలా ప్రకటించలేదు.

కాలంతో మారేవాటికి తేదీ తగిలించడం మర్చిపోకు. ఎవరెస్టు ఎత్తు మా చిన్నప్పుడు 8848 మీటర్లు. 2020 డిసెంబరులో నేపాల్, చైనా కలిసి 8848.86 అని ప్రకటించాయి. జిల్లాల సంగతి సరేసరి. 'కృష్ణా జిల్లా ముఖ్యపట్నం ఏది?' అని అడిగి చూడు, విజయవాడలో పుట్టి పెరిగినవాళ్లే విజయవాడ అని రాస్తారు. ఎప్పుడూ మచిలీపట్నమే. 2022 ఏప్రిల్ 4 నుంచి విజయవాడ అసలు కృష్ణా జిల్లాలోనే లేదు, ఎన్టీఆర్ జిల్లాకి ముఖ్యపట్నం. ఇది చాలా మంచి ప్రశ్న, మొదటి వారమే వాడుకో.

ప్రతి జవాబునీ రెండు చోట్ల చూసుకో, ఆ రెండూ ఒకదాన్ని చూసి ఒకటి రాసినవి కాకుండా ఉండాలి. జనరల్ నాలెడ్జి గైడ్లు చాలావరకు ఒకదాంట్లోంచి ఒకటి ఎత్తిరాసినవే, ఒకదాంట్లో తప్పుంటే పదింటిలో ఉంటుంది. వాట్సాప్‌లో వచ్చింది పనికిరాదు. చందమామ మీద నుంచి చైనా గోడ కనిపిస్తుందన్న అబద్ధం అలాగే ఇన్నేళ్లు బతికింది. లైబ్రరీకి వెళ్లి చూడటానికి బద్ధకించకు.

మన చుట్టుపక్కల నుంచి ప్రశ్నలు తీసుకో, కానీ అన్నీ అవే వద్దు. రౌండుకి రెండు చాలు, మిగతావి ప్రపంచం మొత్తం నుంచి రావాలి. మిరప ఉంది చూడు. ఆసియాలోనే పేరున్న మిర్చి యార్డు మనది, అయినా ఆ కాయ అమెరికా ఖండాల నుంచి పోర్చుగీసువాళ్ల ద్వారా మన దేశానికి వచ్చిందంటే ఇప్పటికీ నోరు తెరిచేవాళ్లున్నారు. 'మిరప రాకముందు మనవాళ్లు వంటల్లో కారం కోసం ముఖ్యంగా ఏం వాడేవారు?' అని అడిగితే వంట చేసే ఆడవాళ్లకి ఇట్టే తడుతుంది, మిరియాలు. అమరావతి స్తూపం శిల్పాలు చూడాలంటే చెన్నై కాకుండా ఏ విదేశీ నగరానికి వెళ్లాలి? లండన్, బ్రిటిష్ మ్యూజియానికి. కొండపల్లి బొమ్మలకి ఏ చెట్టు కర్ర వాడతారు? తెల్ల పొణికి. చదరంగంలో 2001లో గుంటూరు కుర్రాడు, 2002లో గుడివాడలో పుట్టిన అమ్మాయి గ్రాండ్‌మాస్టర్లయ్యారు, ఇద్దరి పేర్లూ రాయండి అను. పెంటేల హరికృష్ణ, కోనేరు హంపి. ఒక్కో పేరుకి అర పాయింటు.

సినిమా, క్రికెట్ మాత్రం అదుపులో పెట్టు. వాటిని అడిగితే హాలు హుషారుగా ఉంటుంది, నిజమే. కానీ ఆ రెండూ తెలిసిన కుర్రాళ్ల టీము ఒక్కటే ప్రతివారం గెలిస్తే నెల తిరిగేసరికి మిగతావాళ్లు రావడం మానేస్తారు. పది ప్రశ్నల్లో మూడు అందరికీ వచ్చేవి ఉండాలి, ఒకటో రెండో ఎవరికో ఒకరికి వచ్చేవి. ఆఖరి టీముకి కూడా సగం మార్కులు వచ్చాయా లేదా అన్నది ప్రతివారం చూసుకో. రాలేదంటే లోపం నీ పేపర్లో ఉందనుకో, వాళ్ల తెలివిలో కాదు.

ఆట పద్ధతి గురించి అడిగావు. ఒక టీముకి రాకపోతే పక్క టీముకి పాస్ అయ్యే బౌన్స్ పద్ధతి స్టేజి మీద చూడ్డానికి బాగుంటుంది. కానీ బలహీనమైన టీము పక్కన కూర్చున్నవాళ్లకి ప్రశ్నలన్నీ వచ్చి పడతాయి, కుర్చీ అదృష్టం అన్నమాట. ఒక్కరోజు పోటీకైతే సర్దుకోవచ్చు. నెలల తరబడి నడిచే లీగ్‌కి అన్యాయం. బ్రిటన్‌లో 1970ల్లో పబ్ క్విజ్ లీగ్‌లు ఊపందుకున్నప్పుడు ప్రతి టేబులూ ప్రతి ప్రశ్నకీ కాగితం మీద జవాబు రాసే పద్ధతి బాగా నడిచింది. నీకూ అదే మంచిది. రౌండు అయ్యాక పక్క టేబులుతో కాగితాలు మార్చుకుని దిద్దుకోమను, స్కోరు మాత్రం ఒకే మనిషి వేయాలి.

పేర్ల విషయంలో రూలు ముందే చెప్పేయ్. అక్షరదోషాలు పట్టించుకోవద్దు, పలికితే సరిపోవాలి. మనలో కొందరు ఇంటిపేరుతో, కొందరు అసలు పేరుతో ప్రసిద్ధులు కాబట్టి మనిషి ఎవరో స్పష్టంగా తెలిస్తే ఏదైనా ఒప్పుకో. భారత జట్టు మొదటి టెస్ట్ కెప్టెన్ ఎవరంటే ఉత్త 'నాయుడు' అని రాస్తే చాలదు, సి.కె. అని ఉండాలి. ప్రశ్నలు తెలుగులో చదివి, పేర్లూ సాంకేతిక పదాలూ ఇంగ్లీషులో కూడా ఒకసారి చెప్పు. ఇంగ్లీషు మీడియం పిల్లలకి 'కిరణజన్య సంయోగక్రియ' అంటే టెన్షన్, పెద్దవాళ్లకి 'ఫోటోసింథసిస్' అంటే టెన్షన్.

టై పడితే అంకెల ప్రశ్న వెయ్యి. 'ప్రకాశం బ్యారేజి పొడవు ఎన్ని మీటర్లు?' నీ హాల్లో అందరూ దాని మీదుగా వెళ్లినవాళ్లే, కొలిచినవాళ్లు ఒక్కరూ ఉండరు. 1223.5 మీటర్లు. దగ్గరగా రాసినవాళ్లు గెలిచినట్టు. అన్నట్టు ఈ బ్యారేజి కథే మంచి గని. 1850ల్లో కట్టిన పాత ఆనకట్ట 1952లో తెగడం, 1957కి కొత్తది పూర్తవడం, దానికి ఆంధ్ర రాష్ట్ర మొదటి ముఖ్యమంత్రి పేరు పెట్టడం, ఎన్ని ప్రశ్నలు కావాలంటే అన్ని వస్తాయి.

చదివేటప్పుడు తొందరపడకు. కాఫీ మిషన్ చప్పుడు ఆగనివ్వు, సర్వరు టేబుళ్ల మధ్య తిరుగుతుంటే ఆగు. ప్రతి ప్రశ్నా రెండుసార్లు, రెండోసారి కూడా అవే మాటలతో. మాట మార్చావంటే అర్థం మారిందని అంటారు. అభ్యంతరం కెప్టెన్ ఒక్కరే చెప్పాలి, రౌండు మధ్యలో వద్దు. అభ్యంతరం న్యాయమైనదైతే ఆ ప్రశ్న తీసేసి అందరికీ పాయింట్లు సమానం చెయ్, మొహమాటపడకు. ఫోన్లు టేబుల్ మధ్యలో బోర్లించి పెట్టమను, బాత్రూంకి వెళ్లేవాళ్లు అక్కడే వదిలి వెళ్లాలి.

మొదటి వారం పేపరు బుధవారంలోపు నాకు పంపించు. జవాబులు మాత్రం వేరే కాగితంలో పెట్టి విడిగా పంపు. నేనూ మీ పెదనాన్నా ముందు ప్రశ్నలే చదివి చెరో కాగితం మీద రాస్తాం. ఏ ప్రశ్న దగ్గర ఎంతసేపు ఆగామో, ఎక్కడ రెండు జవాబులు తోచాయో మార్జిన్‌లో రాసి గురువారం రాత్రికి ఫోటో తీసి పంపిస్తాను.

మీ పెద్దమ్మ