పార్క్‌లాండ్‌కి టాక్స్ కడుతున్నాం కదా, అమ్మానాన్నలకి ఇన్సూరెన్స్ ఎందుకు?

టెక్సాస్‌లో డాలస్ పక్కనున్న ఇర్వింగ్ నుంచి ఒకాయన అడిగారు: "గుంటూరు నుంచి అమ్మానాన్న 5 నెలలకి విజిట్‌కి వస్తున్నారు. అమ్మకి 66, బీపీ షుగర్ రెండూ ఉన్నాయి, నాన్నకి 71. ఇంటి టాక్స్‌లో ఏటా పార్క్‌లాండ్ హాస్పిటల్‌కి కడుతూనే ఉన్నాం, అక్కడ ఫ్రీగా చూస్తారంట, మరి ఇన్సూరెన్స్ దండగ కదా? ఏదైనా అయితే నా హెచ్‌ఎస్‌ఏలో (వైద్యం ఖర్చులకని టాక్స్ లేకుండా దాచుకునే ఖాతా) 9 వేల డాలర్లున్నాయి."

దండగ కాదండి, కొనేయండి.

టాక్స్ మాట నిజమే, పార్క్‌లాండ్ డాలస్ కౌంటీ ప్రభుత్వ హాస్పిటల్. డాలస్ కౌంటీ బిల్లు తీసి చూడండి, స్కూల్, సిటీ లైన్ల మధ్యలో పార్క్‌లాండ్ పేరు ఉంటుంది, 100 డాలర్ల విలువకి 21, 22 సెంట్లు, అంటే 4 లక్షల ఇంటికి మినహాయింపులు తీయకముందు ఓ 850 దాకా. (ఫ్రిస్కో ఫ్రెండ్ కూడా నేనూ కడుతున్నా అంటే నమ్మకండి, అది డాలస్ కౌంటీనే కాదు.) మన గాంధీ హాస్పిటల్ లాంటిదే అనుకోండి, 1894 నుంచి ఉంది, యూటీ సౌత్‌వెస్టర్న్ మెడికల్ కాలేజీ డాక్టర్లు చూస్తారు, 1963లో కాల్పులు జరిగినప్పుడు ప్రెసిడెంట్ కెన్నెడీని తీసుకెళ్ళింది కూడా అక్కడికే. ప్రాణం మీదకొస్తే ఆలోచించకుండా వెళ్ళండి.

కానీ టాక్స్ కట్టేది మీరు, పేషెంట్ అమ్మగారు. తగ్గింపు ఇచ్చేటప్పుడు కౌంటీలో నివాసం, ఆదాయం రెండూ చూస్తారు, విజిటర్ వీసా మీద వచ్చినవాళ్ళు నివాసం లెక్కలోకి వస్తారని ఆశ పెట్టుకోవద్దు. 1986 నాటి చట్టం ప్రకారం ఎమర్జెన్సీకి వచ్చినవాళ్ళని డబ్బు సంగతి పక్కన పెట్టి ముందు చూడాలి, కుదుటపరచాలి, అంతే, బిల్లు వేయొద్దని ఎక్కడా లేదు, మనవాళ్ళు ఈ ముక్క ఒక్కటీ మర్చిపోయి ఫ్రీ ఫ్రీ అని ప్రచారం చేస్తుంటారు.

ఇక హెచ్‌ఎస్‌ఏ, దీని మీద చెయ్యి వేయకండి. అది మీకు, మీ ఆవిడకి, టాక్స్‌లో చూపించే డిపెండెంట్లకి మాత్రమే, కొన్నాళ్ళకని విజిట్‌కి వచ్చిన అమ్మానాన్న మామూలుగా ఆ లెక్కలోకి రారు. వాళ్ళ బిల్లుకి 5 వేలు తీశారనుకోండి, 20 శాతం పెనాల్టీ అంటే వెయ్యి అక్కడే పోయింది, పైన ఇన్‌కమ్ టాక్స్ వేరే.

కొనేటప్పుడు చవగ్గా కనిపించే ఫిక్స్‌డ్ ప్లాన్ వద్దు, రూముకింత టెస్టుకింత అని లెక్కగట్టి ఇచ్చి మిగతాది మీ నెత్తిన వేస్తుంది. కాంప్రహెన్సివ్ (బిల్లులో ఎక్కువ భాగం కట్టే ప్లాన్) తీసుకోండి, ప్రీమియం తగ్గాలంటే డిడక్టబుల్ (ప్లాన్ కట్టేముందు మన జేబులోంచి పెట్టాల్సిన మొత్తం) పెంచుకోండి. అమ్మగారికి ఉన్న జబ్బు ఉన్నట్టుండి ముదిరితే కవర్ అవుతుందా అన్న లైన్ మీరే చదవండి. నాన్నగారికి వేరే చూడాలి, 70 దాటాక చాలా ప్లాన్లు కవర్ బాగా తగ్గించేస్తాయి.

ఇంకోటి, ఎమర్జెన్సీలో డెస్క్ దగ్గర కంగారులో ఏ పేపరిస్తే దాని మీద సంతకం పెట్టేస్తాం. గ్యారంటార్ అన్న చోట మీ పేరు రాసేముందు ఒక్క నిమిషం ఆగండి, రాస్తే అమ్మగారి బిల్లు మీ బిల్లు అయిపోతుంది.