రాకేశ్ ఝున్‌ఝున్‌వాలా జీవితం నుంచి మామూలు ఇన్వెస్టర్ నేర్చుకోగలిగింది ఏమైనా ఉందా?

షేర్ మార్కెట్‌లో అయిదు వేలతో మొదలుపెట్టి వేల కోట్లు సంపాదించిన ఝున్‌ఝున్‌వాలా నుంచి ఏం నేర్చుకోవచ్చు, ఆయన కొన్న షేర్లే మనమూ కొనేస్తే సరిపోదా అని అడిగారు. రెండో ప్రశ్నకు ముందు జవాబు చెప్పేస్తాను: సరిపోదు. ఎందుకో చెప్పాలంటే మొదటి ప్రశ్నలోకి వెళ్లాలి.

నేను విజయవాడ గవర్నర్‌పేటలో ఒక సబ్‌బ్రోకర్ ఆఫీసులో చాలా ఏళ్లుగా టెర్మినల్ ముందు కూర్చుంటున్నాను. ఆయన ఉన్నన్నాళ్లూ మా ఆఫీసులో ఆయన పేరు వినపడని రోజు లేదు. ఫోన్ ఎత్తగానే "ఏవండీ, బిగ్ బుల్ ఏదో కొన్నాడంటగా?" అనేవాళ్లు, బిగ్ బుల్ అంటే ఆయనే. అందుకని ఇందులో ఆయన గురించి చదివింది కొంతే. ఆయన్ని చూసి కొన్నవాళ్లను దగ్గర నుంచి చూసి చెబుతున్నదే ఎక్కువ.

ముందు ఆ అయిదు వేల సంగతి. 1985లో మార్కెట్ సూచీ సెన్సెక్స్ 150 దగ్గర ఉన్నప్పుడు రూ.5,000తో మార్కెట్‌లోకి దిగారు, నిజమే. మరుసటి ఏడాది టాటా టీ షేర్లు రూ.43 చొప్పున 5,000 కొన్నారు. మూడు నెలల్లో ధర రూ.143కి వెళ్లింది, అయిదు లక్షల లాభం. యూట్యూబ్‌లో ఎవరి వీడియో చూసినా ఇక్కడే సంగీతం పెంచుతారు. ఒక్కసారి గుణించి చూడండి. నలభై మూడు ఇంటూ అయిదు వేలు అంటే రూ.2,15,000. అయిదు వేలతో వచ్చిన మనిషికి అంత డబ్బు ఎక్కడిది? అప్పు. వాళ్ల అన్నయ్యకు తెలిసిన క్లయింట్ల దగ్గర, బ్యాంకు డిపాజిట్ కంటే చాలా ఎక్కువగా, 18 శాతం ఇస్తానని తెచ్చిన డబ్బు. అంటే అది చిన్న మొత్తం ఓపిగ్గా పెరిగిన కథ కాదు, పాతికేళ్ల కుర్రాడు అప్పు తెచ్చి ఆడిన పెద్ద ఆట. కలిసొచ్చింది. తర్వాతి రోజుల్లో ఆయనే అందరికీ అప్పు చేసి షేర్లు కొనొద్దని చెప్పేవారు. ఆ మాట మాత్రం ఎవరూ రీల్ చేసి పెట్టరు.

ఇంకో సంగతి నాకు అంతకంటే ముఖ్యంగా అనిపిస్తుంది. ఆయన తండ్రి ఆదాయపు పన్ను శాఖలో అధికారి. షేర్లంటే ఇష్టమున్న కొడుకును ముందు ఒక చదువు పూర్తి చేయమన్నారు. సీఏ అయ్యాక కొడుకు మళ్లీ అదే పాట పాడితే, డబ్బు నేనివ్వను, నా స్నేహితుల్నీ అడగొద్దు, కానీ ఇల్లుంది, ఇక్కడే ఉండు, మార్కెట్ అచ్చిరాకపోతే సీఏగా బతకొచ్చు అన్నారట. నా లెక్కలో ఆయన అసలు పెట్టుబడి ఇదీ, ఆ అయిదు వేలు కాదు. ముంబైలో అద్దె కట్టక్కర్లేదు, పూట గడవడానికి షేరు అమ్మక్కర్లేదు, ఓడిపోతే చేతిలో డిగ్రీ ఉంది.

ఇది లేకపోతే ఎలా ఉంటుందో మా ఆఫీసులోనే చూశాను. ఒక కుర్రాడు ఉద్యోగం మానేసి ఆప్షన్స్ (ధర ఎటు కదులుతుందో దాని మీద కాసే కాంట్రాక్టులు) మొదలుపెట్టాడు. తెలివైనవాడే, చార్టులు నాకంటే బాగా చదివేవాడు. కానీ ఫ్లాట్ లోన్ ఈఎంఐ ప్రతి నెలా అయిదో తారీఖున కట్ అయ్యేది. నెల మొదట్లో మా రిస్క్ డెస్క్ నుంచి మార్జిన్ కాల్ (హామీ డబ్బు చాలదు, ఇంకా కట్టమనే కబురు) వచ్చిందంటే అది అతనిదేనని నాకు చూడకుండానే తెలిసేది. ఒకటో తారీఖు రాగానే లాట్లు, అంటే పందెం, రెట్టింపు చేసేవాడు. అతను చూస్తున్నది నిఫ్టీ సూచీని కాదు, క్యాలెండర్‌ని. "ఝున్‌ఝున్‌వాలా కూడా ట్రేడింగ్‌తోనే మొదలెట్టాడు కదండీ" అనేవాడు. మొదలెట్టారు, 1992లో హర్షద్ మెహతా అనే బ్రోకర్ ఉబ్బించిన ధరలు పడతాయని పందెం కాసి (షార్ట్ కొట్టి) బాగా సంపాదించారు కూడా. కానీ 2024లో మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ బయటపెట్టిన లెక్క ప్రకారం అంతకు ముందు మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్స్ (ఎఫ్ అండ్ ఓ) ఆడిన మామూలు జనంలో 93 శాతం మంది నష్టపోయారు, అందరి నష్టం కలిపి లక్షా ఎనభై వేల కోట్ల పైమాటే. మిగతా ఏడుగురిలో తను ఒకడినని ప్రతివాడికీ నమ్మకం.

ఇక వాచీలు, నగల కంపెనీ టైటాన్. 2002-03 ప్రాంతంలో కొనడం మొదలుపెట్టారు. 2011లో కంపెనీ ఉన్న ప్రతి షేరుకూ ఇంకోటి ఉచితంగా (బోనస్) ఇచ్చి, పది రూపాయల షేరును రూపాయి షేర్లుగా విడగొట్టింది. పాత షేరు ఒకటి ఇరవై అయింది. ఆ లెక్కన ఆయన మొదట్లో కొన్నవి మూడు నాలుగు రూపాయలకే పడ్డాయంటారు. 2022 ఆగస్టులో ఆయన పోయేనాటికి షేరు రూ.2,400 పైన ఉంది, భార్యాభర్తల వాటా కంపెనీలో సుమారు 5 శాతం. ఈ రెండు ధరలూ అందరూ చెబుతారు. మధ్యలో ఏం జరిగిందో చూడండి. 2008 జనవరిలో 21,000 దాటిన సెన్సెక్స్ అక్టోబరులో 8,000 కిందకి జారింది, టైటానూ దానితోపాటే. 2013లో ప్రభుత్వం బంగారం దిగుమతులకు కళ్లెం వేసి సుంకాన్ని 10 శాతం చేసింది. అప్పటికి కంపెనీ ఆదాయంలో వాచీల కంటే తనిష్క్ నగలదే పెద్ద భాగం. 2012 చివర్లో ఉన్న ధరకీ 2016 మొదట్లో ఉన్న ధరకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. అదే ఏడాది చివర నోట్ల రద్దు. ఆయన అప్పుడప్పుడూ కొంచెం అమ్మారు, మళ్లీ కొన్నారు, అసలు వాటాను మాత్రం కదల్చలేదు.

మా క్లయింట్ ఒకాయన, రిటైరైన లెక్చరర్, బాబాయ్ గారూ అనే పిలుస్తాను. ఆయన దగ్గరా టైటాన్ ఉండేది, అదీ 2011 కంటే ముందు కొన్నది. రెట్టింపు కాగానే అమ్మించారు. కూతురి పెళ్లి, ఆ డబ్బుతో కొన్నవీ నగలే. ఇప్పుడు తలుచుకుని నవ్వుతారు. ఆయనకు ఓపిక లేదని నేననను. పెళ్లి ముహూర్తం పెట్టుకున్న మనిషికి ఓపిక పట్టమని ఎవరు చెబుతారు? ఇరవై ఏళ్లు పట్టుకోవాలంటే ఆ ఇరవై ఏళ్లూ ఆ డబ్బుతో అవసరం పడకూడదు. ఝున్‌ఝున్‌వాలా ఓపికలో సగం స్వభావమైతే సగం ఈ వెసులుబాటు.

షేర్లు కాపీ కొట్టడం గురించి. కంపెనీలో ఒక శాతం, ఆపైన వాటా ఉన్నవాళ్ల పేర్లు మూడు నెలలకోసారి బయటికి వస్తాయి, అదీ క్వార్టర్ ముగిశాక మూడు వారాల లోపు. అంటే మీకు పేరు కనబడేసరికి ఆయన కొని ఒక్కోసారి మూడు నెలలు దాటిపోయి ఉంటుంది. పెద్ద లావాదేవీ అయితే ఎక్స్ఛేంజీ ఇచ్చే బల్క్ డీల్స్ జాబితాలో అదే రోజు సాయంత్రం కనిపిస్తుంది, మర్నాడు పొద్దున్నే షేరు ఎగిరి కూర్చుంటుంది. ఆయన పేరు చూసి ఒక చిన్న కంపెనీ షేరు పైధరలో కొన్నవాళ్లు మా దగ్గర చాలామంది ఉన్నారు. అది సగానికి పడ్డాక ఒక్కరికీ ఉంచాలో అమ్మాలో తెలియలేదు, ఎందుకు కొన్నారో తెలిస్తే కదా. "ఆయన ఉన్నాడా, అమ్మేశాడా?" అని నన్నడిగేవాళ్లు. నాకేం తెలుసు, నేనూ తర్వాతి క్వార్టర్ దాకా ఆగాల్సిందే. పక్కవాడి కళ్లద్దాలు పెట్టుకుని రోడ్డు దాటడమే అది.

ఆయన లెక్కలూ తప్పాయి. ఏ2జెడ్ అనే కంపెనీలో ఐపీఓకి (షేర్లు మొదటిసారి జనానికి అమ్మడానికి) ముందు నుంచే పెద్ద వాటా ఉంది, 2010లో రూ.400కి ఇష్యూకి వచ్చిన ఆ షేరు తర్వాత కుప్పకూలింది. గృహరుణాల కంపెనీ డీహెచ్‌ఎఫ్‌ఎల్‌లోనూ ఆయన పేరుండేది, చివరికి ఆ కంపెనీ వాటాదారులకు చిల్లిగవ్వ మిగల్లేదు. అలాంటివి నాలుగు పోయినా టైటాన్ ఒక్కటి మోస్తుంది ఆయన్ని. మీకున్న రెండు లక్షలూ ఆ నాలుగింట్లోనే పెడితే మోసేది ఎవరు?

ఆయన్ని దేవుణ్ని చేసేవాళ్లు ఆయన వాటా ఉన్న ఆప్టెక్ కంపెనీ వ్యవహారం దాటేస్తారు. ఇన్‌సైడర్ ట్రేడింగ్ (బయటికి రాని లోపలి సమాచారంతో షేర్ల లావాదేవీ) ఆరోపణల మీద 2021లో ఆయనా, కుటుంబసభ్యులూ, మరికొందరూ కలిసి రూ.37 కోట్లకు పైగా కట్టి సెబీతో సెటిల్ చేసుకున్నారు, తప్పు ఒప్పుకోకుండా, కాదనకుండా. అదే ఏడాది నలిగిన తెల్లచొక్కాతో ప్రధానిని కలిసిన ఫొటో మాత్రం అందరికీ గుర్తుంది. రెండూ ఒకే మనిషివి.

ఆరోగ్యం సంగతి కూడా. షుగరు, కిడ్నీ జబ్బు. ఆయన డబ్బు పెట్టిన విమాన సంస్థ ఆకాశ ఎయిర్ మొదటి విమానం 2022 ఆగస్టు 7న ఎగిరింది, అప్పటికే చక్రాల కుర్చీలో ఉన్నారు. ఆగస్టు 14న పోయారు, 62 ఏళ్లు.

ఆ పోర్ట్‌ఫోలియో ఇప్పుడు ఆయన భార్య రేఖ గారి పేరు మీద నడుస్తోంది, మాకు ఫోన్లూ ఆగలేదు. మీరూ ఆ జాబితా చూడండి, తప్పులేదు, ఏ కంపెనీలో ఎవరి వాటా ఎంతో బీఎస్ఈ (బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజీ) సైట్‌లో ఉచితంగానే ఉంటుంది. అందులో ఒక పేరు తీసుకుని ఆ కంపెనీ గత మూడేళ్ల వార్షిక నివేదికలు చదవండి. లాభం ఎక్కడి నుంచి వస్తోందో, అప్పు ఎంతుందో, ఎందుకు కొంటున్నారో ఒక కాగితం మీద నాలుగు వాక్యాలు రాయండి. రాయలేకపోతే ఆ షేరు జోలికి పోకుండా సూచీలోని షేర్లన్నీ కొనే ఇండెక్స్ ఫండ్‌లో నెలనెలా కొంత (సిప్) పెట్టుకోండి. దాని మీద మాకు కమీషన్ రాదు, అయినా చెబుతున్నాను.