పెట్టెను ముందు వెనక్కి తిప్పి చూడు

చి. మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

మ్యూజియంలో చేరావనీ, దంతం పొదిగిన పాత పెట్టె ఒకటి నీకు అప్పగించారనీ మీ అమ్మ చెప్పింది. మన విశాఖ పనితనమే అయి ఉండొచ్చు. 18వ శతాబ్దంలో కంపెనీ దొరలు ఎగబడి చేయించుకున్న సరుకది. కానీ ఎక్కడ తయారైందో తెలిస్తే సగం కూడా తెలిసినట్టు కాదు. ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లిందన్నదే నీ పని.

మ్యూజియం రిజిస్టర్ తరవాత తెరువు. ముందు అది చదివితే అందులో ఉన్నదే కళ్లకు కనబడుతుంది. పెట్టె అడుగు, సొరుగుల వెనక, మూత లోపల చూడు: వేలం చీటీ ముక్క, సుద్దతో రాసిన లాట్ నంబరు (వేలంలో వస్తువుకిచ్చే సంఖ్య), కొట్టేసిన పాత నంబరు. ఏదీ తుడవనివ్వకు. "శుభ్రం చేశామండీ" అని ఎవరైనా గర్వంగా చెబితే నాకు ఒళ్లు మండుతుంది.

చేతులు మారిన ఆ గొలుసు ఎలా ఉండాలో చెబుతా. మద్రాసు గవర్నరుగా చేసిన అలెగ్జాండర్ వించ్ ఇంట్లో విశాఖ దంతపు కుర్చీలుండేవి. 1781 వేలంలో ఇంగ్లండు రాజు మూడో జార్జి వాటిని రాణి షార్లెట్ కోసం కొన్నాడు. ఆమె పోయాక 1819లో మళ్లీ వేలం. ఈసారి కొన్నది ఆమె కొడుకే. ప్రతి మెట్టుకూ పేరు, ఏడాది, సాక్ష్యం ఉన్నాయి.

నీ పెట్టెకు అంత అదృష్టం ఉండదులే. మధ్యలో యాభై ఏళ్లు ఖాళీ వస్తే ఖాళీ అనే రాయి, ఊహతో పూడ్చకు. "పాత కుటుంబం వారి సేకరణ" అని పేరూ ఏడాదీ లేకుండా ఉంటే మాత్రం అనుమానించు. పురావస్తువులు దేశం దాటకుండా కట్టడి చేసిన 1972 చట్టానికి కాస్త ముందే దేశం దాటినట్టు చక్కగా కుదిరిన కాగితాలను ఇంకా అనుమానించు. ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీ 2008లో 50 లక్షల డాలర్లు పోసి కొన్న తమిళనాడు శ్రీపురందాన్ గుడి నటరాజు విగ్రహానికి అలాంటి కాగితాలే ఉన్నాయి. కాగితాలు చెప్పిన తేదీ తరవాత కూడా ఆ విగ్రహం గుడిలోనే ఉండగా తీసిన ఫొటో పుదుచ్చేరి ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్‌లో దొరికింది. 2014లో నటరాజు వెనక్కొచ్చాడు. కాగితం అబద్ధమాడినా పాత ఫొటో ఆడదు, అందుకే ఫొటోల కోసం గట్టిగా వెతుకు.

మన జిల్లా అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది కాబట్టి కంపెనీ నాటి రికార్డులకు చెన్నై ఎగ్మోర్ ఆర్కైవ్స్‌కి వెళ్లాలి. సూచికల్లో ఆనాటి ఇంగ్లిషు పేరు 'Vizagapatam' అని వెతుకు. పెట్టెను మ్యూజియానికిచ్చిన దాత వారసులుంటే ముందు వాళ్లింటికి వెళ్లు, పెద్దవాళ్లు ఉన్నప్పుడే.

పెట్టె అడుగు ఫొటోలు నాకు పంపు. లైటు పక్కనుంచి వాలుగా వేసి తియ్యి, చెరిగిన పెన్సిల్ రాతలు అప్పుడే తేలతాయి.

మామయ్య
విశాఖపట్నం