పాత టీజే జీప్‌లో ముందు షాఫ్ట్ విరిగింది: డానా 44 కొనాలా, ఉన్న డానా 30నే గట్టిపరచాలా?

మీరు అడిగింది ఇదీ: 2000 మోడల్ జీప్ రాంగ్లర్ టీజే, 4.0 లీటర్ల ఇంజిన్, 33 అంగుళాల టైర్లు, ముందు యాక్సిల్ డానా 30, వెనకది డానా 35 (డానా యాక్సిల్ తయారీ కంపెనీ, ఈ అంకెలు దాని మోడళ్లు). రాళ్ల దారిలో కుడి ముందు చక్రం దగ్గర యూ-జాయింట్ (షాఫ్ట్ లోపలి, బయటి ముక్కల్ని ప్లస్ ఆకారపు క్రాస్‌తో కలిపే కీలు) విరిగింది. ఎవరో రూబికాన్ మోడల్ నుంచి తీసిన డానా 44 ముందు యాక్సిల్ అమ్ముతున్నారు, కొనేయాలా?

ఈ కారణానికైతే కొనకండి. 2003 నుంచి 2006 వరకు వచ్చిన టీజే రూబికాన్‌లో ముందు డానా 44 ఉన్న మాట నిజమే. దాని క్రౌన్ (డిఫరెన్షియల్‌లోని పెద్ద పళ్ల చక్రం) పెద్దది, లోపలి షాఫ్టులకు 30 స్ప్లైన్లు (షాఫ్ట్ చివరి పళ్లు). మీ డానా 30కి 27. కానీ చక్రం వైపున్న భాగాలు, అంటే నకిల్ (స్టీరింగ్‌తో పాటు తిరిగే భాగం), దాన్ని పట్టే బాల్ జాయింట్లు, హబ్ (చక్రం బిగించే బేరింగ్ భాగం), యూ-జాయింట్, అన్నీ డానా 30వే. యూ-జాయింట్ సైజు రెండింటిలోనూ 760. మీకు విరిగింది సరిగ్గా ఆ జాయింటే. వేల డాలర్లు పోసి యాక్సిల్ మార్చినా, చక్రం దగ్గర అదే క్రాస్ మళ్లీ మీ ఎదురుగా ఉంటుంది.

నాది 1999 టీజే, ఫ్రీమాంట్‌లో ఉంటాను. నాకూ ఇదే జరిగింది, కాలిఫోర్నియాలోని రాళ్ల దారి రూబికాన్ ట్రైల్ మీద. లూన్ లేక్ నుంచి బయలుదేరి, బక్ ఐలాండ్ సరస్సు దాటి, బిగ్ స్లూయిస్ దిగుతున్నాం. ముందు చక్రం రెండు బండల సందులో దిగబడింది. స్టీరింగ్ పూర్తిగా తిప్పి ఉంచి, ఒక్కసారిగా యాక్సిలరేటర్ తొక్కాను. ఠప్‌మని చప్పుడు. ఆ తర్వాత చక్రం తిరిగిన ప్రతిసారీ ఇనుము ఇనుముకి కొట్టుకుంటున్న మోత. దిగి చూస్తే షాఫ్ట్ యోక్‌కి (క్రాస్‌ని పట్టుకునే చివరకి) ఉన్న రెండు చెవుల్లో ఒకటి ఊడిపోయి, మిగిలిన ముక్క కింది బాల్ జాయింట్‌ని కొడుతోంది.

మా దగ్గర అదనపు షాఫ్ట్ లేదు. ఇలాంటప్పుడు ఏం చేయాలో ప్రతి టీజే యజమానికీ తెలిసి ఉండాలి. షాఫ్ట్ మొత్తం తీసేసి, హబ్ ఖాళీగా బిగించుకుని బయలుదేరకూడదు. హబ్‌లోని బేరింగ్‌ని పట్టి ఉంచేది షాఫ్ట్ బయటి ముక్క, అంటే స్టబ్, దాని మీది పెద్ద నట్టే. అవి లేకుండా నడిపితే బేరింగ్ విడిపోయి చక్రం ఊడొచ్చు. అందుకే లోపలి ముక్క తీసేసి, స్టబ్‌ని మళ్లీ హబ్‌లో పెట్టి నట్టు బిగించాం. డిఫరెన్షియల్ ఆయిల్ కారిపోకుండా ఆ వైపు ట్యూబులో గుడ్డ కుక్కాం. ఒక పక్క షాఫ్ట్ లేకపోతే ముందు యాక్సిల్ లాగదు కాబట్టి, క్యాడిలాక్ హిల్ ఎక్కేటప్పుడు స్నేహితుడి జీపు పట్టీ వేసి లాగింది. రాత్రి పదింటికి టాహో ఒడ్డున రోడ్డు ఎక్కాం.

ఇంటికొచ్చాక విరిగిన ముక్కని శుభ్రంగా కడిగి లైటు కింద పెట్టి చూశాను. విరిగిన ముఖం మీద ఒక మూల నెలవంక ఆకారంలో నల్లగా ఉంది, మిగతాదంతా కొత్త వెండిలా మెరుస్తోంది. ఆ నల్లటి భాగం పాత పగులు. ఎప్పటినుంచో ఉంది, ఆ రోజు మిగతాది తెగిందంతే. క్రాస్ కొమ్ముల చివర ఉండే బేరింగ్ టోపీ ఒకటి విప్పితే, సూదుల్లాంటి రోలర్లు ఉండాల్సిన చోట ఎర్రటి పొడి ఉంది. మీరు కూడా విరిగిన ముక్కల్ని పారేయకుండా ఇలా చూడండి. మొత్తం కొత్తగా మెరుస్తుంటే ఆ ఒక్క దెబ్బకే విరిగినట్టు, అంటే షాఫ్ట్ బలం చాలడం లేదు. నల్లటి మచ్చ ఉంటే అది పాత పగులు.

యూ-జాయింట్ నిటారుగా ఉన్నప్పుడు బాగా బలమైనది. స్టీరింగ్ తిప్పిన కొద్దీ దాని మీద భారం ఒకే మాదిరిగా పడదు. చెవులు బయటికి తెరుచుకునే ప్రయత్నం చేస్తాయి, టోపీలు కొంచెం కొంచెంగా బయటికి జరుగుతాయి. కంపెనీ షాఫ్టులో టోపీని ఆపేది చిన్న సీ ఆకారపు క్లిప్. అది ఎగిరిపోతే టోపీ జారుతుంది, తర్వాత చెవి విరుగుతుంది.

కాబట్టి నేను చేసింది, మీకు చెప్పేది ఒకటే: 4340 క్రోమోలీ (క్రోమియం, మాలిబ్డినం కలిసిన గట్టి) స్టీల్ షాఫ్టులు, లోపలివీ బయటివీ, రెండు వైపులా. వీటిలో టోపీల చుట్టూ పూర్తి వలయంలా ఉండే స్నాప్ రింగులు వస్తాయి, ఆ సంగతి చూసి కొనండి. క్రాస్ మాత్రం గ్రీజు నిపుల్ లేని స్పైసర్ 5-760ఎక్స్ వేయండి. గ్రీజు ఎక్కించే వీలున్న రకమైతే మంచిది కదా అని నేనూ మొదట అనుకున్నాను. కానీ గ్రీజు వెళ్లడానికి క్రాస్ మధ్యలో రంధ్రం చేయాలి, ఆ మేరకు లోహం తగ్గుతుంది. బురద నీళ్లలో ఎక్కువ తిరిగేవాళ్లకు గ్రీజు రకమే నయం. రాళ్ల మీద తిరిగే మనకు గట్టి క్రాస్ కావాలి.

పని మొదలుపెడితే మొదటి తలనొప్పి హబ్. నట్టుకి 36 మిల్లీమీటర్ల సాకెట్, వెనక నుంచి వచ్చే మూడు బోల్టులకి 13 మిల్లీమీటర్ల పన్నెండు మూలల సాకెట్ కావాలి. మామూలు ఆరు మూలల సాకెట్ ఆ తలల మీద కూర్చోదు. పాత జీపులో హబ్ తుప్పుతో నకిల్‌ని కరిచిపెట్టుకుని ఉంటుంది. సుత్తితో బాదకండి. బోల్టులు కొంచెం వదులు చేసి, ఒక బోల్టు తలకీ యాక్సిల్ ట్యూబుకీ మధ్య సాకెట్ ఎక్స్‌టెన్షన్ ఆనించి, ఇంజిన్ స్టార్ట్ చేసి స్టీరింగ్ మెల్లగా తిప్పండి. పవర్ స్టీరింగే దాన్ని బయటికి నెడుతుంది. చేతులు మాత్రం దూరంగా పెట్టాలి, ఇంకొకరు చూస్తుండాలి.

రెండోది ఆయిల్ సీళ్లు. డానా 30లో అవి ట్యూబు చివర ఉండవు, డిఫరెన్షియల్ పక్కన లోపల ఉంటాయి. వాటిని మార్చాలంటే క్యారియర్ (క్రౌన్ బిగించి ఉండే డిఫరెన్షియల్ గూడు) మొత్తం బయటికి తీయాలి. కొత్త షాఫ్టుని లోపలికి తోసేటప్పుడు స్ప్లైన్ల అంచు సీలు పెదవికి గీరుకుంటే, నెల తిరగకముందే చక్రం దగ్గర ఆయిల్ కారుతుంది. అందుకే గేర్ నిష్పత్తి మార్చే ఆలోచన, లాకర్ (రెండు చక్రాలూ కలిసి తిరిగేలా బిగించేది) ఆలోచన ఉంటే అన్నీ ఒకేసారి చేయించండి. నా బండికి ఏఎక్స్15 ఐదు గేర్ల బాక్స్, యాక్సిల్‌లో 3.07 గేర్ నిష్పత్తి ఉండేవి. మొదటి గేరు 3.83, లో రేంజ్ 2.72, అన్నీ గుణిస్తే 32. దానితో 33 టైర్లని బండ మీదికి ఎక్కించాలంటే క్లచ్ కాల్చుకోవాలి, లేదా వేగంగా దూకించాలి. ఆ దూకుడే షాఫ్టుల్ని విరగ్గొట్టేది. 4.56కి మార్చాక ఆ లెక్క 47 దాటింది. ఇప్పుడు బండి పాకుతుంది, నేను యాక్సిలరేటర్ మీద కాలే వేయను. షాఫ్టుల కంటే ఇదే నా యాక్సిల్‌ని ఎక్కువ కాపాడిందని నా నమ్మకం. మీ బండిలోనూ 3.07 ఉంటే ఒక మాట: పాత క్యారియర్ మీద 4.56 క్రౌన్ నేరుగా కూర్చోదు, 3.73, ఆ పై నిష్పత్తుల క్యారియర్ వేరు. లాకర్ కొంటే ఆ ఖర్చు అందులోనే కలిసిపోతుంది.

లాకర్ ముందు వేస్తే స్విచ్‌తో పనిచేసేది వేయండి. లాక్ చేసినప్పుడు ఒక చక్రం గాల్లో ఉంటే మొత్తం బలం రెండో వైపు క్రాస్ ఒక్కదాని మీదే పడుతుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పేముందు లాకర్ ఆపేయడం అలవాటు చేసుకోండి.

మీరు అడగలేదు కానీ నాకు ఎక్కువ టెన్షన్ మీ వెనక డానా 35 గురించి. అందులో షాఫ్టుని పట్టి ఉంచేది లోపలి సీ క్లిప్ ఒక్కటే. షాఫ్ట్ విరిగితే చక్రం షాఫ్టుతో సహా బయటికి వచ్చేస్తుంది. ముందుది విరిగితే మీరు అడవిలో ఆగిపోతారు, వెనకది హైవే మీద విరిగితే సంగతి వేరు. డబ్బు ఒక్కదానికే ఉంటే, ముందు మామూలు షాఫ్ట్ ఒకటి వేసి కాలం గడిపి, వెనక యాక్సిల్ మార్చండి. 1995 నుంచి 2001 మధ్య ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్‌లో వచ్చిన ఫోర్డ్ 8.8 యాక్సిల్ చాలామంది వేసుకునేది. 31 స్ప్లైన్లు, డిస్క్ బ్రేకులు, చక్రం బోల్టుల కొలత కూడా మనదే. బ్రాకెట్లు వెల్డింగ్ చేయించాలి, ఆ పని తెలిసినవాళ్లకే ఇవ్వండి. గేర్ నిష్పత్తి ముందు వెనకల ఒకటే ఉండాలి.

35 అంగుళాల టైర్లు, ముందు లాకర్, రెండూ మీ లెక్కలో ఉంటే మాత్రం నా సలహా మారుతుంది. అప్పుడు డానా 30 మీద పెట్టే ప్రతి డాలరూ వృథా, నకిల్ నుంచి నకిల్ దాకా పెద్ద యాక్సిల్‌కి దాచుకోండి.

మీ పాత షాఫ్టుల్లో విరగని ఎడమదాన్ని మంచి క్రాస్ వేసి జీపులోనే ఉంచుకోండి. కుడి లోపలిది పొడుగు వేరు, ఎడమది అటు పట్టదు. కాబట్టి జంక్‌యార్డులో కుడిదొకటి వెతకండి. జీప్ చెరోకీలదీ పనికొస్తుంది, 1995 తర్వాతదైతే క్రాస్ సైజు కూడా కలుస్తుంది. కొత్త గేర్లు వేయించాక మొదటి 500 మైళ్లు బరువు లాగకుండా నడిపి, ఆయిల్ మార్చి, బయటికి తీసిన ఆయిల్‌లో ఇనుప రజను ఎంత ఉందో వేలితో తడిమి చూడండి.