చాకు డిజైన్ మీ ఒక్కరిదే కావాలా? ముందు ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టండి

ప్రశ్న: నాకు చాకులంటే పిచ్చి. రెండేళ్లుగా నోటుబుక్కులో గీసుకుంటూ వచ్చిన మడత చాకు డిజైన్‌ను పేరున్న ఒక కస్టమ్ మేకర్‌కు ఇచ్చి, సగం డబ్బు అడ్వాన్స్ కట్టాను. ఇదే డిజైన్ ఇంకెవరికీ చేయొద్దంటే, చాకు ధరకు రెండింతలు అదనంగా ఇవ్వమంటున్నారు. డిజైన్‌ను రెండు మూడు దేశాల్లో రిజిస్టర్ చేయించాలని కూడా ఉంది. రేపు ఏదైనా కంపెనీ అడిగితే లైసెన్స్ ఇచ్చుకోవచ్చు. చేతిలో ఒక నెల ఖర్చుకు సరిపడా సేవింగ్స్ ఉన్నాయి, క్రెడిట్ కార్డులో కొంత బాకీ ఉంది. మూడేళ్లకు పర్సనల్ లోన్ తీసుకోవచ్చా?

జవాబు: వద్దు. ఇలాంటి ఉత్తరాలు నాకు వస్తూనే ఉంటాయి, వస్తువు ఒక్కటే మారుతుంది. ఒకరిది గిటారు, ఒకరిది సైకిలు, మీది చాకు. మనసుపడి చేయించుకునే వస్తువుకు ‘పెట్టుబడి’ అని పేరు పెట్టగానే అప్పు చేయడం తప్పుగా అనిపించదు. ‘రేపు ఏదైనా కంపెనీ అడిగితే’ అని మీరు రాసింది అందుకే. ఇప్పటిదాకా ఏ కంపెనీ అడగలేదు. ఈఎంఐ మాత్రం వచ్చే నెల నుంచే అడుగుతుంది.

లెక్క చూడండి. 14 శాతం వడ్డీకి మూడేళ్ల లోన్ అనుకుంటే, తీసుకున్న ప్రతి 100కు దాదాపు 123 కడతారు. కార్డు బాకీ మీద వడ్డీ నెలకు 3 శాతమైతే ఏడాదికి 42 శాతం దాటుతుంది. ఆ బాకీని అలాగే ఉంచి, ఇంకెవరి దగ్గరా ఉండకూడని చాకు కోసం కొత్త అప్పు చేస్తానంటున్నారు. కోప్పడుతున్నానని అనుకోకండి. అనుకున్నా ఫరవాలేదు.

ఇంతకీ ఆ రెండింతల డబ్బుకు మీకు దక్కేదేమిటి? మేకర్ ఇచ్చే మాట. ఆయన వర్క్‌షాపు ఒకసారి ఊహించుకోండి. మీ గీతను పలచటి స్టీలు రేకు మీదికి దించి, కోసి, టెంప్లేట్ చేస్తారు. దానికో చిల్లు పెట్టి గోడ మేకుకు తగిలిస్తారు. పక్కన అలాంటివే పాతిక ముప్పై ఉంటాయి. కటింగ్ ఫైలు కంప్యూటర్లో ఉంటుంది. మూడేళ్ల తర్వాత ఇంకో కస్టమర్ ఆ గోడకేసి చూసి ‘ఇదేదో బాగుందే’ అంటాడు. అప్పటికి మీ మేకర్‌కు ఆ మాట గుర్తుండొచ్చు, ఉండకపోవచ్చు. వర్క్‌షాపే ఇంకొకరికి అమ్మేసి ఉండొచ్చు.

అందుకని మాట కాదు, కాగితం కావాలి. చాలా దేశాల్లో డబ్బిచ్చి చేయించుకున్నంత మాత్రాన హక్కు కొనుగోలుదారుకు రాదు. రాతపూర్వకంగా బదిలీ చేస్తేనే వస్తుంది. మొదటి గీత మీదే అయినా, మేకర్ దాన్ని సరిచేసి ఉంటే ఆ మార్పులు ఎవరివన్నది తేల్చుకోవాలి. చాకు ధరలో మిగిలిన సగం కట్టకముందే ఒక పేజీ రాయించుకోండి. టెంప్లేట్, ఫైలు పని అయ్యాక మీకు ఇచ్చేస్తారా, చెరిపేస్తారా? ఫొటోలు తన పనికి నమూనాగా చూపించుకోవచ్చా? ‘అదే డిజైన్’ అంటే ఏమిటి? బ్లేడు రెండు మిల్లీమీటర్లు పెంచి, పిడి రంగు మార్చేస్తే వేరే డిజైన్ అయిపోతుందా? వ్యాపారం చేతులు మారితే కొనుక్కున్నవారికీ ఈ షరతు వర్తిస్తుందా? మాట తప్పితే ఎంత వెనక్కి ఇస్తారు? ఈ చివరి ప్రశ్నకు అంకె లేకపోతే మిగతావి రాసుకుని ప్రయోజనం లేదు.

అదనంగా అడగడం మేకర్ తప్పేమీ కాదు, రేపటి అమ్మకాలు వదులుకుంటున్నారు కదా. కానీ ఎప్పటికీ, ఏ రూపంలోనూ చేయొద్దంటే రెండింతలు అడిగిన మనిషి, ఐదేళ్లపాటు అచ్చంగా ఈ ఆకారమే చేయొద్దంటే అందులో కొంతకే ఒప్పుకోవచ్చు. ఇలా బేరమాడాలన్న ఆలోచనే మీ ఉత్తరంలో లేదు. లోన్ మాత్రం ఉంది.

రిజిస్ట్రేషన్ గురించి. డిజైన్ రిజిస్ట్రేషన్ కాపాడేది కంటికి కనిపించే రూపాన్నే. మడత పడే పద్ధతి, లాకు పనితీరు కొత్తవైతే దానికి పేటెంట్ కావాలి, అది వేరే ఖర్చు. డ్రాప్ పాయింట్, టాంటో లాంటి పాత బ్లేడు ఆకారాలు ఎవరి సొత్తూ కావు. అన్నిటికంటే ముఖ్యం, డిజైన్ కొత్తదై ఉండాలి. ఆ గీత ఫొటో ఇప్పటికే ఎక్కడైనా నలుగురికీ కనిపించేలా పెట్టి ఉంటే, కొన్ని దేశాల్లో అక్కడితో కథ ముగిసినట్టే. అమెరికా, యూరోపియన్ యూనియన్ లాంటిచోట్ల మీరు అలా బయటపెట్టాక కూడా దరఖాస్తు చేయడానికి 12 నెలల వెసులుబాటు ఉంది. ఒక దేశంలో దరఖాస్తు చేశాక, పేటెంట్లు, డిజైన్ల హక్కుల మీద దేశాలు చేసుకున్న పారిస్ ఒప్పందం ప్రకారం మిగతా సభ్యదేశాల్లో వేయడానికి 6 నెలల గడువు ఉంటుంది. కాబట్టి మొదటి రోజే మూడు దేశాల ఫీజూ కట్టాల్సిన పని లేదు.

స్పైడర్‌కో అనే చాకుల కంపెనీ బ్లేడులోని గుండ్రటి రంధ్రం చూసే ఉంటారు. దాని పేటెంట్ గడువు ఎప్పుడో తీరిపోయింది, ట్రేడ్‌మార్క్‌గా మాత్రం ఇప్పటికీ నిలబెట్టుకుంటున్నారు. నిలబెట్టుకోవడమంటే ఎవరు కాపీ కొడుతున్నారో చూస్తూ ఉండాలి, నోటీసులు పంపాలి, లాయర్లకు ఫీజులు కట్టాలి. అమ్మకాలున్న కంపెనీ కాబట్టి చేయగలుగుతోంది. మీకు అమ్మకాలు లేవు, చేతిలో ఒక నెల ఖర్చు ఉంది.

నేను చెప్పదలచుకున్నది ఇదే. రేపు ఎవరో మీ డిజైన్ కాపీ కొట్టారనుకుందాం. అదే నెలలో ఉద్యోగం పోయిందనుకుందాం, లేదా ఇంట్లో ఒకరు ఆసుపత్రి పాలయ్యారనుకుందాం. ఈఎంఐ కడతారా, అద్దె కడతారా, లాయర్ నోటీసు పంపుతారా? నోటీసు పంపరు. కొనుక్కున్న హక్కు ఫైలులోనే ఉండిపోతుంది. అత్యవసర నిధి లేనివాడు ఏ హక్కు కొన్నా అంతే. కనీసం 6 నెలల ఇంటి ఖర్చు, ఎప్పుడంటే అప్పుడు తీసుకోగలిగే ఖాతాలో ఉండాలి. అందులోంచి చాకుకు పైసా తీయకూడదు. ‘కొంచెం తీసి మళ్లీ వేస్తాను’ అనేవాళ్లను చాలామందిని చూశాను, మళ్లీ వేసినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ముందు కార్డు బాకీ పూర్తిగా తీర్చండి. తర్వాత ప్రతి నెలా జీతం పడిన రోజే కొంత మొత్తం నిధికి వెళ్లేలా పెట్టండి. చాకు తయారీ ఎలాగూ నెలలు పడుతుంది, మిగిలిన సగాన్ని పని సాగేకొద్దీ రెండు మూడు విడతల్లో కడతానని అడగండి. మేకర్‌కు ఏదైనా అయితే మీ డబ్బంతా ఆయన దగ్గర ఇరుక్కుపోదు. చాకు చేతికొచ్చాక ఇంటి బీమాలో దాని విలువ చేర్పించండి. అమ్మితే లాభం వస్తుందా అంటారేమో, కస్టమ్ చాకుల్లో ధర పలికించేది ఎక్కువగా మేకర్ పేరే, మీ ఒక్కరి దగ్గరే ఉందన్న సంగతి కాదు.

ఇవాళ చేయాల్సిన పని ఒక్కటే. పైన అడిగిన ప్రశ్నలన్నీ ఒక కాగితం మీద రాసి మేకర్‌కు పంపండి. జవాబు వచ్చేదాకా గీతలు ఎక్కడా పోస్ట్ చేయకండి. ఈలోపు బ్యాంకువాళ్లు ఫోన్ చేసి లోన్ అప్రూవ్ అయిందంటే, వద్దని చెప్పి పెట్టేయండి.