నెరవేరని తీర్పు అబద్ధ ప్రవచనమా?

ప్రశ్న: మా సంఘంలో బుధవారం సాయంత్రాలు యోనా గ్రంథం చదువుకుంటున్నాం. 40 రోజుల్లో నీనెవె నాశనమవుతుందని యోనా ప్రకటించాడు, కాని ఆ పట్టణానికి ఏమీ కాలేదు. ప్రవక్త చెప్పినది జరగకపోతే అది యెహోవా మాట కాదని ద్వితీయోపదేశకాండము 18వ అధ్యాయం చెబుతోంది కదా? మరి యోనాను ఏమనుకోవాలి?
– ఒక పాఠకురాలు, సికింద్రాబాద్

జవాబు: మీరు పట్టుకున్న చిక్కు నిజమైనదే. అయితే ఆ సూత్రాన్ని యిర్మీయా 18వ అధ్యాయంతో కలిపి చదవాలి. కుమ్మరి ఇంటికి వెళ్లిన యిర్మీయా, సారె మీద కుండ చెడిపోతే కుమ్మరి అదే మట్టితో మరో కుండ చేయడం చూస్తాడు. ఏ జనాన్నైనా పెల్లగిస్తానని తాను చెప్పిన తర్వాత ఆ జనం చెడుతనం మానితే తానూ తలపెట్టిన కీడు మానుకుంటానని, మేలు చేస్తానన్న జనం చెడిపోతే ఆ మేలూ చేయనని దేవుడు అక్కడ చెబుతాడు. అంటే తీర్పు మాటలో ‘మీరు మారకపోతే’ అన్నది పైకి వినిపించకపోయినా ఉన్నట్టే. శిక్షించడమే ఉద్దేశమైతే ముందుగా కబురు పంపడం దేనికి, 40 రోజుల గడువు దేనికి? ఈ సంగతి నీనెవె రాజుకు వెంటనే తట్టింది. గోనెపట్ట కట్టుకొని బూడిదలో కూర్చుని, దేవుడు మనసు తిప్పుకుంటాడేమో ఎవరికి తెలుసు అన్నాడు.

హీబ్రూ మూలంలో ఇంకో విశేషం ఉంది. మన బైబిలులో నీనెవె ‘నాశనమగును’ అన్నచోట ఉన్న క్రియ ‘హాఫక్’ అనే ధాతువు నుంచి వచ్చింది. తలకిందులు చేయడం, మార్చివేయడం దాని అర్థాలు. సొదొమను కూలదోసిన సందర్భంలోనూ, దేవుడు ఇశ్రాయేలు మొదటి రాజు సౌలుకు కొత్త మనసు ఇచ్చిన సందర్భంలోనూ అదే ధాతువు కనిపిస్తుంది. కాబట్టి నీనెవె ఒక విధంగా తలకిందులైందనే చెప్పిన వ్యాఖ్యాతలు ఉన్నారు, దాన్ని వట్టి మాటల చమత్కారమని నేను కొట్టిపారేయలేను. అంతకంటే నన్ను నిలిపేసేది హోషేయ 11వ అధ్యాయం. ఎఫ్రాయిమును, అంటే ఉత్తర ఇశ్రాయేలు రాజ్యాన్ని, అద్మాలా, సెబోయీములా ఎలా చేయగలనని దేవుడు అక్కడ తల్లడిల్లుతాడు. ఆ రెండూ సొదొమతో పాటు పోయిన ఊళ్లు. ఆ వచనంలోనే తన హృదయం తనలో తిరగబడిందని చెప్పడానికి మళ్లీ ఆ క్రియే వస్తుంది. ఊరి మీద పడవలసిన తలకిందులు దేవుని గుండెలో జరిగినట్టుంది.

అలాగని తీర్పు ఉత్త బెదిరింపు కాదు. ఆ ఉత్తర రాజ్యపు రాజధాని షోమ్రోను క్రీ.పూ. 722లో అష్షూరీయుల చేతికి చిక్కింది. ఆ అష్షూరీయుల నీనెవె కూడా క్రీ.పూ. 612లో కూలింది. యెరూషలేము కథలో రెండు ముఖాలూ ఉన్నాయి. సీయోను, అంటే యెరూషలేము, పొలంలా దున్నబడుతుందని మీకా ప్రవక్త చెప్పినప్పుడు హిజ్కియా రాజు భయపడి వేడుకున్నాడు, కీడు తప్పింది. సుమారు నూరేళ్ల తర్వాత, అలాంటి మాటే చెప్పిన యిర్మీయాను చంపాలని యాజకులు పట్టుబట్టగా, దేశపు పెద్దలు కొందరు లేచి ఆ సంగతే గుర్తుచేశారు. మీకా మాట జరగలేదు గనుక అతడు అబద్ధ ప్రవక్త అని అక్కడ ఒక్కరూ అనలేదు. మీ సందేహానికి ఇంతకంటే సూటి జవాబు నాకు కనబడలేదు. కాని ఆ తరం మారలేదు, క్రీ.పూ. 586లో నగరం పడిపోయింది.

ఇక, ఊరు తప్పించుకుందని యోనా పడిన అలక. ఊరికి తూర్పున పందిరి వేసుకొని కూర్చున్న అతనికి ఒక మొక్క నీడనిచ్చింది, మర్నాడు తెల్లవారేసరికి పురుగు దాన్ని తొలిచేసింది. మన అనువాదంలో అది సొరచెట్టు (సొరపాదును చెట్టు అనడం నాకు చిన్నప్పటి నుంచీ వింతే). ఆముదపు చెట్టు కావచ్చునని చాలామంది పండితులంటారు. నాటని, పెంచని మొక్క కోసం నువ్వింత బాధపడితే, కుడి ఎడమలు తెలియని 1,20,000 మందికి పైగా మనుషులూ బోలెడు పశువులూ ఉన్న ఊరి మీద నేను జాలిపడవద్దా అన్న దేవుని ప్రశ్నతో గ్రంథం ఆగిపోతుంది. యోనా ఏమన్నాడో రాయలేదు.

ప్రశ్న: మూసీ పొంగి మా వీధిలోకి నీళ్లు వచ్చినప్పుడు, ఇది మా పాపాలకు తీర్పు అని తెలిసినవారొకరు అన్నారు. నమ్మాలా?
– ఒక పాఠకుడు, చాదర్‌ఘాట్

జవాబు: నమ్మనక్కరలేదు. సిలోయములో గోపురం కూలి చనిపోయిన 18 మంది యెరూషలేములోని మిగతావారి కంటే ఎక్కువ దోషులా అని యేసు అడిగి, కారని తానే చెప్పాడు. మారుమనస్సు పొందండన్న హెచ్చరిక విన్నవారందరికీ చేశాడు. 1908 సెప్టెంబరు 28న మూసీ వరదలో వేలమంది కొట్టుకుపోతే, అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది బతికారు. చెట్టెక్కినవారు నీతిమంతులనీ మునిగినవారు పాపులనీ ఏ లెక్కన చెబుతాం? మిడతలు, అగ్ని దర్శనంలో కనబడగానే ఆమోసు చేసిన పని వేరు: యాకోబు (అంటే ఇశ్రాయేలు జనం) చిన్నవాడు, ఎలా తట్టుకుంటాడని రెండుసార్లు బతిమాలాడు, దేవుడు రెండుసార్లూ మానుకున్నాడు. మీతో ఆ మాట అన్నవారు మీ ఇంట్లో నీళ్లు తోడడానికి ఒక చెయ్యి వేశారో లేదో మీరు రాయలేదు.